అప్‌డేట్: మా బడిలో తట్టు కేసు, టీకా కార్డు లేని పిల్లలు

మా ప్రాథమిక పాఠశాలలో ఒక బాలుడికి తట్టు సోకినట్లు అనుమానం వచ్చిందని, బడి మూయాలా అని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

బడి మూయలేదు. దద్దుర్లు రావడానికి 4 రోజుల ముందు నుంచి, వచ్చాక 4 రోజుల వరకు వ్యాధి ఇతరులకు అంటుతుంది కనుక, బాలుడిని అంతవరకు ఇంట్లోనే ఉంచమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి చెప్పి, రక్త నమూనాను పరీక్షకు పంపారు. రోగి వెళ్లిపోయాక కూడా వైరస్ 2 గంటల వరకు గాలిలో ఉండగలదు కాబట్టి, బెంచీలు దూరం జరిపితే చాలన్న మా ఆలోచన పక్కన పెట్టాం.

అసలు శ్రమంతా టీకా వివరాల దగ్గరే. 9–12 నెలల్లో ఒకటి, 16–24 నెలల్లో మరొకటి పడాలి. ఇటుక బట్టీలకు వలస వచ్చిన కుటుంబాల్లో చాలామంది దగ్గర కార్డే లేదు. ఇదివరకే వేయించుకున్నవారికి మళ్లీ వేసినా హాని లేదని, వ్యాధి సోకే అవకాశం ఏర్పడిన 72 గంటల్లోపు వేస్తే రక్షణ దొరకవచ్చని వివరించి, వైద్యాధికారి సూచించిన పిల్లలకు ఏఎన్‌ఎం టీకా వేశారు.

బాలుడి నాయనమ్మ "అమ్మవారు పోసింది, మందు వద్దు" అన్నారు. ఏఎన్‌ఎం వాదించలేదు; వేపాకు మంచం మీదే ఉండనిచ్చి, విటమిన్ ఎ 2 లక్షల యూనిట్ల మోతాదును వరుసగా రెండు రోజులు తాగించారు. నాకు ఆ నేర్పు బాగా నచ్చింది.

గర్భిణి అయిన సహోపాధ్యాయినికి ఈ టీకా వేయకూడదు గనుక సెలవు ఇచ్చాం. 21 రోజుల పాటు జ్వరం, దద్దుర్ల కోసం పిల్లలను రోజూ ప్రార్థన సమయంలోనే గమనిస్తున్నాం.