సున్నపు తేట పాలలా మారి మళ్లీ తేటబడింది: వాయువు ఎక్కువైందా, ఆమ్లం చేరిందా?

ప్రశ్న:
పాలరాయి ముక్కల మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వచ్చిన వాయువును 10 మి.లీ. సున్నపు తేటలోకి పంపాను. ముందు తెల్లబడింది, కాసేపటికి పూర్తిగా తేటబడింది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే బైకార్బనేట్‌గా మారి కరిగిపోతుందని తెలుసు. కానీ నాళం గుండా ఆమ్లం వచ్చినా ఇలాగే అవుతుంది కదా? తేల్చుకోవడం ఎలా?

జవాబు 1:
తేటబడిన ద్రవాన్ని మరిగించండి. బైకార్బనేట్ అయితే విడిపోయి, కాల్షియం కార్బనేట్ మళ్లీ తెల్లగా కనిపిస్తుంది. ఆమ్లం వల్ల అంతా క్లోరైడ్ అయిపోయి ఉంటే ఎంత కాచినా తెలుపు రాదు.

నా అంచనా మాత్రం వాయువు ఎక్కువైందనే. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగే సున్నం దాదాపు 1.7 గ్రాములే. అంటే మీ 10 మి.లీ. తేటలో ఉన్నది 17 మిల్లీగ్రాములు. అదంతా కార్బనేట్ కావడానికి 5.5 మి.లీ. వాయువు చాలు, బైకార్బనేట్ కావడానికి మరో అంత. ఒక్క గ్రాము పాలరాయి ఇచ్చేది 240 మి.లీ.! చాలావరకు బుడగలుగా బయటికి పోయినా ఇంకా మిగులే. తెల్లబడగానే నాళం తీసేయండి.

జవాబు 2:
ఆమ్లం రావడాన్నీ తేలిగ్గా తీసుకోవద్దు. గాఢ ఆమ్లం వాడితే హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరి వస్తుంది, నురగ పొంగితే తుంపరలు వస్తాయి. గ్రాము పాలరాయికి 2 మోలార్ ఆమ్లం 10 మి.లీ. సరిపోతుంది. పాలరాయి ఉన్న సీసాలో నాళం కొస బిరడా కిందే ఉండాలి, ఆమ్లం దాకా దిగకూడదు. మధ్యలో సోడియం బైకార్బనేట్ ద్రావణం ఉన్న సీసా పెడితే ఆమ్లం అక్కడే ఆగుతుంది. సోడియం హైడ్రాక్సైడ్ పెట్టారో, కార్బన్ డయాక్సైడ్‌నే మింగేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే ఈ ఆవిరి గొడవ ఉండదు కదా?

జవాబు 2:
ఆవిరి ఉండదు, కానీ కాసేపటికే బుడగలు మందగిస్తాయి. కాల్షియం సల్ఫేట్ నీటిలో కొద్దిగానే కరుగుతుంది. అది రాయి మీద పొరలా పట్టేస్తే ఆమ్లం లోపలికి అందదు. క్లోరైడ్‌కు ఆ ఇబ్బంది లేదు.

జవాబు 3:
సున్నపు తేట ఎప్పటిదో కూడా చూసుకోండి. పైన తెట్టు కట్టిందంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలినట్టే. కొత్తగా చేయాలంటే లీటరు చన్నీటిలో 3 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్ వేసి బాగా కుదిపి, రాత్రంతా మూతపెట్టి ఉంచి, పైతేట వడకట్టండి. వేడినీళ్లు వద్దు, 100 డిగ్రీల దగ్గర లీటరుకు 0.7 గ్రాములకు మించి కరగదు. సీసా నిండా పోసి రబ్బరు బిరడా బిగించండి. గాజు బిరడా అయితే కార్బనేట్ పేరుకుని పట్టేస్తుంది.