యబ్బేజు అంటే నిజంగా "వేదన"యేనా?

మా పిన్ని మనవడికి యబ్బేజు అని పేరు పెట్టారు. "దానర్థం వేదనట, పసివాడికి అదేం పేరు?" అని ఇంట్లో చిన్న గొడవ. హీబ్రూ తెలిసినవారు కాస్త చెప్పండి.

— సూటిగా వేదన అనలేమండీ. ఇది బైబిల్లోని పేరు. అందులోని మొదటి దినవృత్తాంతములు 4:9లో, వేదనపడి కన్నానని యబ్బేజు తల్లి ఆ పేరు పెట్టిందని ఉంది. అక్కడ వేదనకు హీబ్రూ మాట 'ఓత్సెవ్'. దాని మూలాక్షరాలు అయిన్, త్సాదె, బేత్. పేరేమో 'యఅబేత్స్'. మొదటి య పక్కన పెడితే మిగిలేవి అయిన్, బేత్, త్సాదె. చివరి రెండూ తారుమారయ్యాయి, చూశారా? హింస నుంచి సింహం వచ్చిందని మన వ్యాకరణాల్లో వర్ణవ్యత్యయానికి చెప్పే ఉదాహరణ గుర్తుకు రావడం లేదూ!

— అంటే ఆ తల్లి చెప్పింది తప్పంటారా?

— అబ్బే, కాదు. అది వ్యుత్పత్తి కాదు, శబ్దంతో ఆడిన ఆట. బైబిల్లోని బాబెలు పట్టణం సంగతీ అంతే. భాషలు 'బాలల్', అంటే కలగాపులగం, అయ్యాయి కాబట్టి బాబెలు అంటుంది ఆదికాండము. అక్కడివాళ్ల అక్కాదీ భాషలో మాత్రం అది 'బాబ్ ఇలి', దేవుని ద్వారం. యబ్బేజు విషయంలో ఇంకో ముచ్చట ఉంది. తర్వాతి వచనంలో అతని ప్రార్థన 'ఓత్స్బీ' అన్న మాటతో ముగుస్తుంది. నాకు వేదన కలగకుండా అని. పేరులో తిరగబడిన అక్షరాలు అక్కడ సరైన వరసలో వస్తాయి. అనువాదంలో ఇది చెవికి అందదు. రాసినవాడు కావాలనే చేశాడని నా నమ్మకం.

— మన పెంటయ్య, పెంటమ్మ లాంటి పేరేమో? పుట్టినవాళ్లు దక్కకపోతే అలా పెట్టేవారు కదా.

— దగ్గరే కానీ అది కాదు. పెంటయ్య అనడం మృత్యువు కన్ను పడకుండా. ఇక్కడ తల్లి తన పురిటినొప్పుల్ని గుర్తుంచుకుంది. దీనికి అసలు తోడు, బైబిల్లోనే యాకోబు భార్య రాహేలు. ప్రాణం పోతూ కొడుకును బెనోని అంది, 'నా దుఃఖపుత్రుడు' అని. యాకోబు దాన్ని బెన్యామీనుగా మార్చేశాడు. యబ్బేజు పేరు ఎవరూ మార్చలేదు. యూదుల ధర్మగ్రంథమైన తాల్ముదు పండితులైతే అర్థాన్నే మార్చారు: ఆలోచన చెప్పి ధర్మశాస్త్రాన్ని వ్యాపింపజేసినవాడు అని. 18వ శతాబ్దపు రబ్బీ (యూదు మతగురువు) యాకోబ్ ఎమ్డెన్‌నూ 'యావెత్స్' అనేవారు. అది యాకోబ్ బెన్ త్సెవీ అన్న ఆయన పేరుకు పొడి అక్షరాలు, వేదనతో సంబంధం లేదు.

— బాగుందండీ, పిన్నికి చదివి వినిపిస్తాను. ఇక నా టెన్షన్ ఒక్కటే. స్కూల్లో ఇంగ్లీషు పద్ధతిలో జాబెజ్ అని రాయించారంటే తోటి పిల్లలు "జబ్బూ" అని పిలవకుండా ఉండరు.