అఫేసియా ఉన్నవాళ్లకి మన చిత్తూరు మాటల్లో బొమ్మల పుస్తకం: సలహా కావాలి

అందరికీ నమస్కారం. పక్షవాతం తర్వాత బ్రోకా అఫేసియా వచ్చినవాళ్ల కోసం తిరుపతిలో వేలితో చూపించి చెప్పుకునే బొమ్మల పుస్తకం తయారుచేస్తున్నాం. వీళ్లకి మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, నోటికి మాటే రాదు. తెలివి తగ్గలేదు, కాబట్టి పసిపిల్లల బొమ్మలు దయచేసి సూచించకండి.

ఏ4 అట్ట, పేజీకి 4 బొమ్మలు, కింద పెద్ద అక్షరాల్లో మాట. 9 పెడితే వేలు పక్క బొమ్మ మీదికి పోతోంది. మెదడు ఎడమవైపు దెబ్బతింటే కొందరికి కుడివైపు చూపు కూడా పోతుంది, అందుకే బొమ్మలన్నీ ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి పెట్టాం. అడిగాక 10 సెకన్లు ఆగాలి. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ మాట అందించేస్తారు, పని చెడేది అక్కడే.

పెద్ద చిక్కు అవును, కాదుల దగ్గర. తల అడ్డంగా ఊపుతూ "అవును" అంటారు. టిక్కు, ఇంటూ కార్డులు రెండు పెట్టాం. ఇంతకంటే నమ్మకమైన పద్ధతి ఎవరైనా వాడారా?

ఇక మాటలు. ఉల్లిపాయ అని రాస్తే ఇక్కడ పరాయిగా ఉంటుంది, ఎర్రగడ్డ అనాలి. చెనిక్కాయలు (వేరుశనగ), సంగటి, ఊరిబిండి (పచ్చడి), బొరుగులు (మరమరాలు) చేర్చాం. ఇంకేవి వదిలేశాం? నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లకి రెండు భాషలూ ఒకే పేజీలో ఉండాలా, వేరే పుస్తకం చేయాలా?

గోవింద నామాలు, వారాల పేర్లు వరసగా పలికి, "ఈరోజు ఏ వారం?" అంటే ఆగిపోయేవాళ్లున్నారు. ఆ వరస నుంచి అడిగిన ఒక్క మాటకి ఎలా తెచ్చారో, అనుభవం ఉన్నవాళ్లు ఒక్కో మెట్టుగా రాయండి.