సమస్య: “తెరను వీడి యామె తేజ మొందె”

ఆటవెలది నాలుగవ పాదంగా ఈ సమస్యను ఇస్తున్నాను. తెర మీద కనబడినంత కాలమే తారకు వెలుగని లోకం అనుకొంటుంది కనుక, తెరను విడిచి తేజస్సు పొందడ మెట్లన్నదే ఇక్కడి చిక్కు. వస్తువు న్యూయార్క్ ర్యాపర్ (లయబద్ధంగా మాటలల్లి పాడే గాయని) కార్డి బీ. 2015 చివర వీహెచ్ వన్ చానెల్‌లో ‘లవ్ అండ్ హిప్ హాప్: న్యూయార్క్’ అనే, తగవులతో సాగే రియాలిటీ షోలో అడుగుపెట్టి, రెండు సీజన్లు ఉండి, సంగీతం కోసం 2016 చివర దానిని వదులుకొన్న ఆమె, 2017 జూన్‌లో ‘బొడాక్ ఎల్లో’ పాటను విడుదల చేసి, సెప్టెంబరుకల్లా అమెరికాలో పాటల ఆదరణను చెప్పే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

మొదటి పూరణ:

బ్రాంక్సు వాడలోన బాల్యమ్ము గడపిన
కార్డి తెరను జేరి కలహమాడె
పలుకులోని పదును పాటగా మలచుచుఁ
తెరను వీడి యామె తేజ మొందె

నిర్వాహకుడు: పూరణ బాగున్నది. ఆమె తొలి మిక్స్‌టేప్ (పాటల సంపుటి) షోలో ఉండగానే, 2016 మార్చిలో వచ్చింది కనుక ‘మలచుచు’ అన్న క్రియ కాలానికి సరిగా అతికింది. అయితే ఆ పదంలోని అరసున్న తరువాత ‘దెరను’ అని సరళం రావలసి ఉంటుంది. సమస్యాపాదాన్ని మార్చరాదు కనుక అరసున్నను తీసివేయండి.

రెండవ పూరణ:

పొట్టకూటి కొఱకు పురమునం దాడిన
నాఁటి బ్రతుకు నెల్ల నవ్వి చెప్పి
దాఁచనేల యనుచు ధైర్యాన సిగ్గను
తెరను వీడి యామె తేజ మొందె

నిర్వాహకుడు: అమ్మా, ‘తెర’ను టీవీ నుండి తప్పించి సిగ్గుకు అంటగట్టిన మీ చమత్కారం ప్రశంసనీయం. పందొమ్మిదేళ్ల ప్రాయంలో క్లబ్బులో బట్టలు విప్పే నర్తకిగా పనిచేసిన సంగతిని ఆమె ఎన్నడూ దాచలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో జనాన్ని తన వైపు తిప్పుకొన్నది ఆ నిర్మొగమాటపు మాటలే, ఆ తరువాతే టీవీ వచ్చింది. ‘పురమునం దాడిన’ అంటే మాత్రం వీధిభాగవతమేమో అనిపిస్తుంది. ‘ధైర్యాన’ వ్యావహారికమే అయినా, ‘ధైర్యమున’ అంటే ఆ చోట ఛందస్సు కోరే ఇంద్రగణమనే అక్షరాల కూర్పు కుదరదు కనుక మన్నించవచ్చు.

మూడవ పూరణ:

ప్రథమ స్థాన మొకతె పందొమ్మిదేండ్లకు
పొందె ననఁగ జనులు పొగడి రౌర
తగవులాట చాలు, తాళమ్మె చాలని
తెరను వీడి యామె తేజ మొందె

నిర్వాహకుడు: విషయం బలమైనది. 1998లో అమెరికన్ ర్యాపర్ లారిన్ హిల్ తరువాత, మరొకరి గొంతు తోడు లేకుండా ఒక మహిళా ర్యాపర్ ఆ పట్టికలో మొదటి స్థానం పొందడం అదే మొదటిసారి. కాని ‘ప్రథమస్థాన’ సమాసంలో ‘మ’ గురువై గణభంగమైనది. ‘తాళమ్మె చాలని’ అన్నచోట తాళం సరిపోలేదన్న వ్యతిరేకార్థం కూడా తొంగిచూస్తున్నది.

మూడవ పూరణకర్త: ధన్యవాదాలు, గురువుగారూ. సవరణ: “పట్ట మొకతె మరలఁ బందొమ్మిదేండ్లకు”, “తాళమ్మె మేలని”.

నిర్వాహకుడు: ఇప్పుడు నిర్దోషం. 2018 ఏప్రిల్‌లో వచ్చిన తొలి ఆల్బమ్‌కు మరుసటి ఏడు ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌గా గ్రామీ లభించింది. బృందంతో కాక తానొక్కతెగా ఆ బహుమతి అందుకొన్న తొలి స్త్రీ ఆమే. దానిని ఎవరూ పద్యంలోకి తేకపోవడం నాకు కొంచెం వెలితిగా ఉన్నది.

మరొక సభ్యుడు: ఆర్యా, సమస్యలోనే నాకు సందేహమున్నది. 2019లో నెట్‌ఫ్లిక్స్ వారి ‘రిథమ్ + ఫ్లో’ ర్యాప్ పోటీలో తోటి ర్యాపర్లు టి.ఐ., చాన్స్ ద ర్యాపర్‌లతో కలిసి న్యాయనిర్ణేతగా కూర్చున్న ఆమె తెరను వీడినదనడ మెట్లా? రెండవ పూరణలో ‘తెర’కు వేరే అర్థం చెప్పిన సోదరి దారినే పట్టి నా సమాధానం:

తిరిగి తెరకు వచ్చెఁ దీర్పరియై కార్డి
పాడువారి యొఱపుఁ బట్టి చూడ
ఆట మాఱెఁ జూడుఁ డందఱుఁ, దగవను
తెరను వీడి యామె తేజ మొందె

నిర్వాహకుడు: మీ ఆక్షేపణకు మీ పద్యమే జవాబు చెప్పింది. అభినందనలు.