గ్రంథులు లేని మొక్కలో హార్మోన్లు ఎక్కడ తయారవుతాయి?

ప్రశ్న:
జంతువుల్లో హార్మోన్లను స్రవించడానికి వినాళ గ్రంథులు ఉన్నాయి. మొక్కల్లో అటువంటివేవీ లేనప్పుడు ఆక్సిన్ వంటి హార్మోన్లు దేని నుంచి, ఎక్కడ తయారవుతాయి? పైగా కాండాన్ని సాగనిచ్చే ఆక్సినే వేరు ఎదుగుదలను అణచివేస్తుందని చదివాను. ఇది ఎలా సాధ్యమో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
మొక్కల్లో ఈ పనికి ప్రత్యేకమైన అవయవం లేదు. మామూలు కణాలే హార్మోన్లను తయారుచేసుకుంటాయి. ఏ కణం ఎంత తయారుచేస్తుందన్నది దాని వయసును, స్థానాన్ని బట్టి ఉంటుంది. ఆక్సిన్లలో ప్రధానమైన ఇండోల్ అసిటిక్ ఆమ్లం ఎక్కువగా కాండాగ్రంలోను, లేత ఆకుల్లోను ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి రెండు అంచెల్లో తయారవుతుంది. దాన్ని కణం వెలుపలికి పంపే పిన్ ప్రొటీన్లు కాండంలో కణాల అడుగు వైపున ఎక్కువగా ఉండడం వల్ల అది ఒక కణం నుంచి మరో కణానికి కిందికి దిగుతూ పోతుంది.

మీ రెండో సందేహానికి జవాబు మోతాదులో ఉంది. కాండం చక్కగా సాగే గాఢత వేరుకు మితిమీరినదే అవుతుంది. మొలకను అడ్డంగా పడుకోబెడితే కాండంలోను, వేరులోను కూడా ఆక్సిన్ కింది వైపుకే చేరుతుంది. కాండంలో ఆ కింది వైపు వేగంగా పెరిగి కొన పైకి లేస్తే, వేరులో అదే వైపు పెరుగుదల మందగించి కొన నేలలోకి వంగుతుంది.

జవాబు 2:
పై జవాబుకు ఒక్క మాట చేర్చాలి. వేరులో ఆక్సిన్ ఎక్కువైతే ఇథిలీన్ అనే వాయు హార్మోను ఉత్పత్తి కూడా పెరుగుతుంది కనుక ఆ అణచివేతలో దానికీ వాటా ఉంది. ఇథిలీన్ పుట్టుక మరీ విచిత్రమైనది. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఏసీసీ అనే మధ్యస్థ పదార్థం, దాని నుంచి ఇథిలీన్ వస్తాయి. ఈ చివరి అంచెకు ఆక్సిజన్ తప్పనిసరి. టమాట మొక్క వేళ్లు నీట మునిగినప్పుడు అక్కడ ఆక్సిజన్ అందక ఏసీసీ పేరుకుపోయి, నీటిని పైకి మోసే దారువు గుండా పైకి చేరి, గాలి తగిలే ఆకుల్లో ఇథిలీన్‌గా మారుతుంది. నీళ్లు నిండుగా ఉన్నా ఆకుల కాడలు కిందికి వంగిపోవడానికి కారణం ఇదే.

జవాబు 3:
ఒక్కో హార్మోనుకు ఒక్కో పనిని అంటగట్టే పాఠ్యపుస్తకాల పట్టికలే ఈ అయోమయానికి మూలమని నా అభిప్రాయం. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కణజాలంపై చూపినదాన్ని గమనించండి: పోషక మాధ్యమంలో సైటోకైనిన్ అనే మరో హార్మోను కంటే ఆక్సిన్ వాటా బాగా హెచ్చుగా ఉంటే వేళ్లు, సైటోకైనిన్ వాటా హెచ్చితే మొగ్గలు పుట్టాయి, రెండింటి పాళ్లు మధ్యస్థంగా ఉన్నప్పుడు రూపం లేని కణాల ముద్ద మాత్రమే పెరిగింది.