ఈసీజీలో గుండెపోటు ఏ గోడకు వచ్చిందో చూసేటప్పుడు ఇంకేం చూడాలి?

ప్రశ్న (హౌస్‌సర్జన్):
క్యాజువాల్టీ డ్యూటీ ఈమధ్యే మొదలైంది. ఈసీజీ లీడ్లలో (గుండెను వేర్వేరు వైపుల నుంచి చూపే రికార్డింగులు) 2, 3, ఏవీఎఫ్ కింది గోడ, వీ1 నుంచి వీ4 ముందు గోడ, 1, ఏవీఎల్, వీ5, వీ6 పక్క గోడ అని పట్టిక నోటికి వచ్చు. కానీ పేషెంట్ నొప్పితో ఎదురుగా ఉంటే టెన్షన్‌లో అన్నీ కలిసిపోతున్నాయి. నిన్న ఒక ఈసీజీలో 2, 3, ఏవీఎఫ్‌లలో ఎస్‌టీ (పెద్ద శిఖరం తర్వాత వచ్చే గీత భాగం) లేచింది, 3లో బాగా ఎక్కువ. ఏవీఎల్‌లో దిగింది. వీ1లోనూ కాస్త లేచింది. కింది గోడ అన్నాను. సీనియర్ "ఇంకా చూడు" అన్నారు. ఏం చూడమన్నట్టు?

జవాబు 1:
ముందు కొలత సరిచూసుకోండి. పక్కపక్కన ఉండే రెండు లీడ్లలో 1 మి.మీ. లేవాలి. వీ2, వీ3లకు మాత్రం వేరు: 40 ఏళ్లు, ఆపైన మగవాళ్లకు 2, అంతకన్నా చిన్నవాళ్లకు 2.5, ఆడవాళ్లకు 1.5 మి.మీ.

జవాబు 2 (క్యాజువాల్టీ డాక్టర్):
చూడమ్మా, పట్టికను కాసేపు పక్కన పెట్టు. ప్రతి లీడూ గుండెను ఒక వైపు నుంచి చూసే కన్ను అనుకో. ఏవీఎఫ్ కింది నుంచి చూస్తుంది, ఏవీఎల్ ఎడమ భుజం వైపు నుంచి. 3, ఏవీఎల్ దాదాపు ఎదురెదురుగా ఉంటాయి, అందుకే ఒకదాంట్లో లేస్తే రెండోదాంట్లో దిగుతుంది. నేను ఈ దిగడాన్నే ముందు వెతుకుతాను. కింది గోడ ఎటాక్‌లో 3 ఇంకా స్పష్టంగా లేవకముందే ఏవీఎల్ దిగి కనిపించవచ్చు. పెరికార్డైటిస్‌లో (గుండె పైపొర వాపులో) మామూలుగా ఏవీఎల్ ఇలా దిగదు.

3లో 2 కన్నా ఎక్కువ లేచింది, ఏవీఎల్ దిగింది అంటే కుడి కరొనరీ ధమని మూసుకుపోయి ఉండే అవకాశం ఎక్కువ. కుడి జఠరికకు (గుండె కుడి కింది గదికి) రక్తం ప్రధానంగా ఇచ్చేదీ అదే. వీ1 కూడా లేచింది కాబట్టి కుడి జఠరిక సంగతి చూడమనే మీ సీనియర్ ఉద్దేశం అయివుంటుంది. వీ4 ఎలక్ట్రోడ్‌ను తీసి కుడి వైపు అదే ఎత్తులో, అయిదో పక్కటెముకల సందులో, కాలర్‌బోన్ మధ్య నుంచి దిగే గీత మీద పెట్టి మళ్లీ ఈసీజీ తీయాలి. మెషీన్ వీ4 అనే ప్రింట్ చేస్తుంది, కాగితం మీద వీ4ఆర్ అని పెన్నుతో రాయడం మర్చిపోవద్దు. అక్కడ అర మి.మీ. లేచినా లెక్కలోకి వస్తుంది (30 లోపు మగవాళ్లకు 1 మి.మీ.). ఈ మార్పు కొన్ని గంటల్లోనే మాయం కావచ్చు, అందుకే వెంటనే తీయాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కుడి జఠరిక దెబ్బతిన్న పేషెంట్‌కు నాలుక కింద నైట్రేట్ (రక్తనాళాలను వదులు చేసే మందు) పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. కింది గోడ అని తేలగానే, నైట్రేట్ జోలికి పోకముందే వీ4ఆర్ చూడు.

ప్రశ్న (హౌస్‌సర్జన్):
థాంక్యూ సార్. మరి ఎక్కడా లేవకుండా వీ1 నుంచి వీ3 దాకా దిగి మాత్రమే ఉంటే?

జవాబు 2:
దాన్ని ఇస్కీమియా (గుండె కండరానికి రక్తం తగ్గడం) అని రాసేసి వదిలేయకు. ఆ మూడూ ముందు నుంచి చూస్తాయి, కాబట్టి వెనక గోడలో లేచినది వాటిలో దిగినట్టు కనిపిస్తుంది. ఆర్ అల (పైకి లేచే పెద్ద శిఖరం) పొడవుగా, ఎస్‌టీ తర్వాత వచ్చే టీ అల పైకి ఉంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. వీ6 ఎత్తులోనే వీ7ను చంక వెనక గీత మీద, వీ8ను భుజం ఎముక కింది కొన దగ్గర, వీ9ను వెన్నెముక ఎడమ పక్కన పెట్టి తీయి. అర మి.మీ. లేస్తే అది వెనక గోడ ఎటాక్, వెంటనే క్యాథ్‌ల్యాబ్‌కు (మూసుకున్న ధమనిని తెరిచే విభాగానికి) ఫోన్ చెయ్యి.