స్పర్స్ ఆల్‌టైమ్ టాప్ 5లో మూడో పేరు ఎవరిది?

అందరికీ నమస్కారం. పాలకొల్లులో మేము పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పే కోర్టు గోడ మీద అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో ఆడే శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు ఐదుగురు మేటి ఆటగాళ్ల పేర్లు వరుసలో రాయించాలి. పెయింటర్ ఆదివారం వస్తాడు. మూడో స్థానం దగ్గరే ఆగిపోయాం.

మొదటి స్థానం టిమ్ డంకన్‌ది, 5 టైటిళ్లూ ఒకే జట్టుతో. రెండోది డేవిడ్ రాబిన్సన్. 1994లో ఒకే మ్యాచ్‌లో 71 పాయింట్లు కొట్టాడు. పేద పిల్లలకు బడి కూడా పెట్టాడు. ఈ ఇద్దరి మీద మాలో గొడవే లేదు.

ఆ తర్వాతే టెన్షన్. టోనీ పార్కర్, మాను గినోబిలి, ఇద్దరికీ 4 టైటిళ్లు. పార్కర్‌కు పాయింట్లు ఎక్కువ, 2007 ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) కూడా. గినోబిలి స్టార్ అయ్యుండి కూడా జట్టు కోసం బెంచ్ మీద నుంచి (మ్యాచ్ మొదట్లో కాక మధ్యలో దిగి) ఆడాడు, చివరిదాకా స్పర్స్‌ను వదల్లేదు. నాకైతే అది చాలా పెద్ద విషయం. జార్జ్ గెర్విన్ 4 సార్లు లీగ్ టాప్ స్కోరర్, కానీ టైటిల్ లేదు. అతన్ని ఐదులో ఉంచుతున్నాం, మూడులో కాదు.

గణాంకాలకు 70, వ్యక్తిత్వానికి 30 మార్కులు పెట్టి చూస్తే పార్కర్ వచ్చాడు. సగం సగం చేస్తే గినోబిలి. పిల్లలతో ఓట్లు వేయిస్తే సమానంగా చీలిపోయాయి.

వ్యక్తిత్వాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే మూడో స్థానం పార్కర్‌కు ఇస్తారా, గినోబిలికి ఇస్తారా? కారణంతో చెప్పండి, ప్లీజ్.